బొమ్మ కింద ఒక వాక్యం

మీ వ్యాసాన్ని ప్రపంచంలో ఎవరో తమ వ్యాసంలో పేర్కొన్నారని ఫోన్‌కు మెయిల్ వస్తుంది కదా, అది వచ్చిన రోజు మీ ల్యాబుల్లో సమోసాలు తెప్పించుకుంటారని విన్నాను. తెప్పించుకోండి, మంచిదే. నాకు మాత్రం ఆ మెయిల్ చూస్తే భయం. రిటైరై ఇంట్లో కూర్చున్నా ఇప్పటికీ అంతే. కళ్ళజోడు వెతుక్కుని ఆ కొత్త వ్యాసం తెరుస్తాను. మమ్మల్ని మెచ్చుకున్నారా, తిట్టారా అని చూడను. మా బొమ్మ వేశారా, వేస్తే దాని కింద ఏం రాశారు అన్నదొక్కటే చూస్తాను. ఎందుకో చెబుతాను, వినండి. ఈ పేర్కొనడాలను, అదే సైటేషన్లను, లెక్కపెట్టుకునే వయసులో ఉన్నవాళ్ళు కాస్త ఎక్కువగా వినండి.

నేను పుట్టు పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానా లేదా అని ఛత్రినాక బస్టాపు దాకా వచ్చి మళ్ళీ ఇంటికి పరుగెత్తే రకం. ల్యాబ్‌లో ఈ పిరికితనం పనికొచ్చింది. ఒకసారి చేస్తే సరిపోయే పరీక్షను భయంకొద్దీ మళ్ళీ మళ్ళీ చేసేదాన్ని, అందుకే నా ఫలితాల్ని ఎవరూ తప్పుపట్టలేదు. మా నాన్నగారిది గుళ్ళో అర్చకత్వం. నేను మాత్రం ఊరి ఈ కొస నుంచి ఆ కొసకు రెండు బస్సులు మారి మాలిక్యులర్ బయాలజీ చేసుకుని వచ్చేదాన్ని. మా వీధిలో అది ఏమిటో ఎవరికీ తెలియదు. పేరు ముందు డాక్టర్ అని ఉంది కాబట్టి దగ్గుకు మందు అడిగేవారు. నాకు తెలియదంటే, "గంత సదువు సదివి దగ్గుమందు తెల్వదా, పాపం" అని జాలిపడేవారు.

మా వీధి మలుపులో ఒక సేఠ్‌ది హోల్‌సేల్ కిరాణా దుకాణం. మిరపకాయ, బెల్లం, చింతపండు బస్తాల మధ్య తెల్ల ధోవతితో కూర్చుని ఉండేవాడు. వాళ్ళ తాతల నాటి నుంచీ అదే దుకాణం, వెనకాల అదే ఇల్లు. నేను ఆయన్ను బాపూ అని పిలిచేదాన్ని. చిన్నప్పుడు నాకు బెల్లం ముక్క పెట్టిన చెయ్యి అది, ఎదురు మాట్లాడడం నాకు ఎప్పుడూ చేతకాలేదు.

ఆ ఇంట్లో ఒక నమ్మకం ఉండేది. తమ వంశానికి ఆపరేషన్ అచ్చిరాదని. సేఠ్ మేనత్త ఒకావిడ ఆపరేషన్ బల్లమీదే పోయిందట. సేఠ్ తమ్ముడికి హెర్నియా ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగి, మనిషి మాత్రం లేవలేదు. సాయంత్రం దాకా మిషన్‌తో ఊపిరి కొట్టి ఎలాగో దక్కించుకున్నారు. అప్పటి నుంచి ఇంట్లో ఎవరికి కడుపునొప్పి వచ్చినా, డాక్టర్ ఆపరేషన్ మాట ఎత్తాడంటే ఇంకో డాక్టర్ దగ్గరికి మారిపోయేవారు. బోనాలకు అమ్మవారి దగ్గర మిగతావాళ్ళు పిల్లలూ ఇల్లూ వాకిలీ అడిగితే, ఈ ఇంటివాళ్ళు కత్తిని దూరంగా ఉంచమని మొక్కుకునేవారు.

ఒకరోజు బెల్లం తూస్తూ సేఠ్ ఈ సంగతంతా చెప్పాడు. ఇలాంటిది నేను పుస్తకంలో చదివాను. మత్తు డాక్టర్లు గొంతులోకి గొట్టం వేయడానికి ఒంట్లో కండరాలన్నిటినీ వదులు చేసే సూదిమందు ఒకటి ఇస్తారు. మామూలు మనిషి రక్తంలో ఉండే ఒక ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లోనే విరగ్గొట్టేస్తుంది. ఆ ఎంజైము పనిచేయని మనిషికి మందు అలాగే ఉండిపోతుంది. చెయ్యి కదలదు, రెప్ప కదలదు, ఊపిరి తీసే కండరమూ కదలదు. మిషన్ పెట్టి ఓపిగ్గా కూర్చుంటే గంటల తర్వాత లేస్తారు. తెలియక గొట్టం తీసేస్తే లేవరు. ఆ మందు బదులు వేరే మందు వాడితే అసలు ప్రమాదమే లేదు. ముందు ఒక్క మాట చెబితే చాలు, అంతే.

ఇంటిల్లిపాది రక్తం ఇస్తే కనిపెడతానన్నాను. సేఠ్ తూస్తున్న బెల్లం పక్కన పెట్టాడు.

"ఇస్త బిడ్డా. గని మా పేరు బయటికి రావొద్దు. ఇంట్ల ఆడపిల్లలున్నరు. రేపు సంబంధాలు జూడాలె. ఫలానోళ్ళ రక్తంల దోషం ఉన్నదని ఒక్క నోట్లకెల్లి ఒచ్చిందంటే, అయిపాయె."

రానివ్వనని మాటిచ్చాను. ఆ ఆడపిల్లలంటే ఆయన మనవరాళ్ళు, కవలలు. కవలలే కానీ ఒక్క పోలిక లేదు. బడి యూనిఫాంలో వచ్చి చేతులు చాపారు. చిన్నది కళ్ళు గట్టిగా మూసుకుంది. పెద్దది సూది లోపలికి దిగడం, ట్యూబులోకి రక్తం రావడం రెప్ప వేయకుండా చూసింది. "ఆంటీ, గిందులో ఏం గనవడ్తది?" అని అడిగింది. చూశాక చెబుతానన్నాను.

కనబడింది. ఆ జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. రెండూ చెడితేనే మనిషికి ప్రమాదం. తరతరాల మేనరికాల వల్ల ఆ ఇంట్లో అలాంటివాళ్ళు కొందరు తేలారు. సేఠ్ తమ్ముడు ఒకడు. మనవరాళ్ళలో పెద్దపిల్ల. చిన్నపిల్లకు ఏమీ లేదు. నేను వెళ్ళి సేఠ్‌కు చెప్పాను. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళినా చూపించడానికి పెద్దపిల్ల దగ్గర ఒక కార్డు ఉండాలని కూడా చెప్పాను.

"కార్డు గిట్ల ఒద్దు బిడ్డా. పిల్లకు జెప్పొద్దు. బెదుర్తది. టైమొచ్చినప్పుడు నేనే జెప్త."

పిల్ల మైనరు. పెద్దలకు చెప్పడంతో నా పని అయిపోయిందని మా నియమాలు చెప్పాయి. భయం మాత్రం ఆ రోజే నాలో ఒక మూల చేరి కూర్చుంది.

ఇక పేపర్ సంగతి. ఇలాంటి వ్యాసంలో వంశవృక్షం బొమ్మ తప్పనిసరి. మగవాళ్ళకు చదరాలు, ఆడవాళ్ళకు సున్నాలు, దోషం ఉన్నవాళ్ళవి నల్లగా నింపుతారు. నాతో కలిసి రాసిన మా సార్ గోదావరి జిల్లా మనిషి, బొమ్మలంటే ప్రాణం. గీసి నా ముందు పెట్టాడు. చూడగానే అది ఎవరిల్లో తెలిసిపోతోంది. సేఠ్ తమ్ముడు మొదటి భార్య పోతే ఆమె చెల్లెల్నే చేసుకున్నాడు. ఒక చదరానికి అటో సున్నా, ఇటో సున్నా, ఆ రెండు సున్నాలకూ ఒకే తల్లి. కింద వరసలో కవలలు, పుట్టిన క్రమంలో పెద్దది ఎడమ, చిన్నది కుడి. పేరెందుకు, పాతబస్తీలో ఆ కులం వాళ్ళెవరు చూసినా ఇది ఫలానా ఇల్లు అని వేలు పెట్టి చూపిస్తారు.

"సార్, ఈ బొమ్మ తీసేద్దాం" అన్నాను.

"మతి పోయిందా అండీ మీకు? ఇంత చక్కటి బొమ్మ మళ్ళీ జన్మలో దొరకదు" అన్నాడు ఆయన. వాదించాను, అలిగాను, ఒకరోజు టిఫిన్ కూడా కలిసి తినలేదు. చివరికి మా వృత్తిలో అప్పటికే ఉన్న ఒక పద్ధతి పట్టుకున్నాం. బొమ్మలో ఒకటి రెండు చోట్ల కావాలని మార్చడం. కవలల్లో నల్ల సున్నా పెద్దపిల్లది. దాన్ని తెల్లగా వదిలి, చిన్నపిల్ల సున్నాను నల్లగా నింపాం. ఇద్దరూ ఒకే తల్లి బిడ్డలు, ఇద్దరూ ఆడపిల్లలు, శాస్త్రానికి ఏ లోటూ రాదు. "ఇల్లు గుర్తుపట్టినా మనిషి దొరకదండీ, ఇంక నిద్రపోండి" అన్నాడు సార్. పత్రికవాళ్ళు కూడా ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు పెట్టారు. బొమ్మ కింద చిన్న అక్షరాలతో ఒక వాక్యం ఉండాలి: కుటుంబం గోప్యత కోసం ఈ బొమ్మలో కొన్ని మార్పులు చేశాం అని. పెట్టాం.

మొదట కొన్నేళ్ళు ఆ పేపర్ మొహం ఎవరూ చూడలేదు. నేను హాయిగా ఉన్నాను. తర్వాత ఎక్కడో విదేశంలో ఒక పెద్దాయన ఈ విషయం మీద వచ్చిన వ్యాసాలన్నీ కలిపి ఒక పెద్ద సమీక్ష రాసి, అందులో మా బొమ్మ తీసి వేసుకున్నాడు. అందంగా ఉంది కదా మరి. అక్కడి నుంచి ఒకరి తర్వాత ఒకరు. మా పేపర్ చదివి కాదు, ఆ సమీక్ష చూసి మా పేపర్ పేరు రాయడం మొదలుపెట్టారు. బొమ్మ పాఠ్యపుస్తకంలోకి ఎక్కింది, సెమినార్ల తెరల మీదికి ఎక్కింది. మా సంస్థలో అందరికంటే ఎక్కువ సైటేషన్లు మా పేపర్‌వే అయ్యాయి. సార్ స్వీట్లు పంచాడు. నేను ఒక మూల కూర్చుని ఆ పుస్తకాలన్నీ తిరగేశాను. బొమ్మ అన్నిట్లోనూ ఉంది. కింది వాక్యం ఒక్కదాంట్లోనూ లేదు.

సమీక్ష రాసిన పెద్దాయనకు ఉత్తరం రాశాను. చాలా మర్యాదగా జవాబిచ్చాడు. స్థలం చాలలేదట.

సైటేషన్ ఒకటి పెరిగిందంటే ఆ ఇంటి బొమ్మ ఇంకో గుమ్మం ముందు నిలబడ్డట్టు ఉండేది నాకు. సేఠ్ దుకాణం ముందు నుంచి వెళ్ళాలంటే తల వంచుకునేదాన్ని. అక్కడ ఏ కొత్త మనిషి కూర్చుని మాట్లాడుతున్నా, బయటపడిందేమో అనుకునేదాన్ని. మా సార్ నన్ను చూసి నవ్వేవాడు. పేరు రాలేదని ఏడ్చేవాళ్ళను చూశాను కానీ, వచ్చిందని ఏడ్చేవాళ్ళను మిమ్మల్నే చూశానండీ అనేవాడు.

నేను రిటైరైన తర్వాత పెద్దపిల్లకు సంబంధం కుదిరింది. సైదాబాద్‌లో బట్టల వ్యాపారం చేసే కుటుంబం, మంచివాళ్ళే. చాంద్రాయణగుట్ట దగ్గర ఫంక్షన్ హాల్లో నిశ్చితార్థం. నేను భోజనం ప్లేటు పట్టుకుని ఒక కుర్చీలో కూర్చున్నాను. పెళ్ళికొడుకు చెల్లెలు నవ్వుతూ నా పక్కకు వచ్చి కూర్చుంది. డాక్టరమ్మాయి. ఏం చదువుతున్నావమ్మా అని మర్యాదకు అడిగాను.

"అనస్థీషియా మేడం, పీజీ. మీరెవ్వరో నాకు ఎరుకే. మొన్న సెమినార్ల మీ బొమ్మనే పెట్టిన."

నేను కలిపిన ముద్ద తిరిగి ప్లేటులో పెట్టేశాను. ఆ పిల్ల హాలు అవతలి వైపు చూసింది. అక్కడ సేఠ్ తమ్ముడు, రెండో భార్యతో కలిసి ఫోటో దిగుతున్నాడు.

"ఆ బొమ్మల ఒక పెద్దమనిషి అక్కచెల్లెండ్లను ఇద్దర్ని చేసుకున్నడు గద మేడం?" అంది.

"ఉంటారమ్మా... చాలా ఇళ్ళల్లో ఉంటారు" అన్నాను. ఆ పిల్ల మళ్ళీ నవ్వి, "తినుండ్రి మేడం, సల్లారిపోతది" అని లేచిపోయింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు. సేఠ్ ఇంటి నుంచి గట్టిగా మాట వినబడితే చాలు, సంబంధం తప్పిపోయిందనే అనుకునేదాన్ని. ఏమీ కాలేదు. పెళ్ళి జరిగింది, పిల్ల సైదాబాద్ వెళ్ళిపోయింది. ఆ డాక్టరమ్మాయి గుర్తుపట్టలేదు, బతికిపోయాం అనుకున్నాను. సేఠ్ దగ్గరికి వెళ్ళి, "బాపూ, ఇప్పుడైనా పిల్లకు చెప్పు" అన్నాను.

"కొత్త పెండ్లి బిడ్డా. అత్తగారింట్ల కుదురుకోనీ. లొల్లి ఎందుకు, జెప్త తియ్యి" అన్నాడు.

ఇక ఆ రోజు. మధ్యాహ్నం అన్నం తిని న్యూస్‌పేపర్ పట్టుకుని కూర్చున్నాను. చిన్నపిల్ల ఫోన్ చేసింది. ఇంట్లో తను ఒక్కతే ఉంది.

"ఆంటీ, అక్కకు ఆపరేషన్ నడుస్తున్నది. చుట్టాలింట్ల బారసాలకు పోయి, తిన్నంక కడుపునొప్పి లేసిందంట. అపెండిక్స్ పగిలిందన్నరు. తాతా, అమ్మా నాయినా అందరు ఆడ్నే ఉన్నరు. నాకు మస్తు బుగులైతున్నది ఆంటీ, మీరు డాక్టర్ గద, ఏం గాదు గదా?"

"లోపలికి ఎప్పుడు తీసుకెళ్ళారు?"

"సేపయింది."

"మత్తు డాక్టర్‌కు మీ తాత చెప్పాడా?"

"ఏం జెప్పాలె?"

తిన్న కడుపు. కడుపు నిండుగా ఉన్న మనిషికి గొట్టం చకచకా వేయాలి, దానికి వేగంగా పనిచేసే ఆ మందే ముందు చేతికొస్తుంది. సేఠ్‌కు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఆయన కొడుక్కు చేశాను, ఎత్తలేదు. ఆసుపత్రి పేరు కనుక్కుని చెప్పులు వేసుకుని రోడ్డెక్కాను. గ్యాస్ సంగతి ఆ రోజు గుర్తుకు రాలేదు.

ఛత్రినాక నుంచి సైదాబాద్ ఎంత దూరమని. గల్లీ చివర ఉల్లిగడ్డల లారీ అడ్డంగా పెట్టి బస్తాలు దింపుతున్నారు. ఆటో కదలదు. నేను లోపల కూర్చుని మళ్ళీ మళ్ళీ ఫోన్లు చేస్తున్నాను. ఆటో అతను అద్దంలో నా మొహం చూసి, "ఘబ్రాఓ నక్కో అమ్మా, అభీ పహుంచా దేతూఁ" అని, భయపడొద్దు ఇప్పుడే చేర్చేస్తానని చెప్పి, దిగి లారీవాడితో కొట్లాటకు దిగాడు. నాకు ఆ కేకలేవీ వినబడలేదు. యూనిఫాంలో ఆ పిల్ల చెయ్యి చాపి సూది వైపు చూస్తున్నదే కళ్ళముందు కనబడుతోంది. ఏడుపు వచ్చింది. రోడ్డు మీద ఎప్పుడూ ఏడవని దాన్ని, ఆటోలో వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆసుపత్రిలో థియేటర్ బయట అందరూ ఉన్నారు. ఒక వరస కుర్చీల్లో పుట్టింటివాళ్ళు, ఎదురు వరసలో అత్తింటివాళ్ళు. నన్ను చూడగానే సేఠ్ లేచి వచ్చాడు. నా మొహం చూసి ఆయనకు అర్థమైంది. చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇప్పుడు ఏం మాట్లాడకు బిడ్డా. అందరున్నరు."

"బాపూ, మత్తు డాక్టర్‌కు చెప్పావా?"

ఆయన తల దించుకున్నాడు. ఇంతలో థియేటర్ తలుపు పక్క నుంచి ఆడబిడ్డ వచ్చింది, అదే ఆ డాక్టరమ్మాయి. తనూ డాక్టరే కదా అని ఆమెను లోపలికి రానిచ్చారట. మా ఇద్దరినీ చూసి నా చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకెళ్ళింది. గొంతు తగ్గించి చెప్పింది.

"మేడం, ఫికర్ జెయ్యకుండ్రి. మీరెందుకు ఉరికొచ్చిండ్రో నాకు తెల్సు. నిశ్చితార్థం నాడే గుర్తుపట్టిన. మా ఇంట్ల ఎవ్వరికి జెప్పలే, సంబంధం చెడగొట్టుడు నాకిష్టం లేదు. మత్తు డాక్టర్ కూడ అడిగిండు, ఇంట్ల ఎవ్వరికన్న ప్రాబ్లం ఉన్నదా అని. అన్నీ జెప్పిన. ఉన్నది గని మా వదినెకు లేదు, వాళ్ళ చెల్లెకు ఉన్నది, వదినెది తెల్ల సున్న అని జెప్పిన. ఆయన ధీమాగ సూదేసిండు. ఆపరేషన్ కూడ అయిపోయింది. లేస్తది ఇగ."

ఆ మాటలు నా చెవుల్లోకి ఒక్కొక్కటే దిగాయి. తెల్ల సున్నా.

"నువ్వు చదివింది మా పేపరా?"

"మా టెక్స్ట్‌బుక్కుల ఉన్నది గద మేడం."

"దాని కింద ఒక వాక్యం ఉంటుంది, చూశావా?"

"ఏ వాక్యం?"

నేను మెల్లగా చెప్పాలనుకున్నాను. నా నోట్లోంచి అరుపు వచ్చింది. "అది మార్చిన బొమ్మ! నల్లది చిన్నపిల్ల కాదు, నల్లది మీ వదినె! గొట్టం తియ్యనివ్వకు, వెళ్ళు!"

రెండు వరసలవాళ్ళూ ఇటు తిరిగారు. ఆడబిడ్డ మొహంలో రంగు పోయింది. వెనక్కి తిరిగి లోపలికి పరుగెత్తింది. వాళ్ళమ్మ లేచి నిలబడింది. "ఏంది నల్లది? నా కోడలికి ఏమైంది? చెప్పుండ్రి!" అని అందరి మొహాలూ చూసింది. సేఠ్ గోడకు ఆనుకుని మెల్లగా కిందికి జారి కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా నేను భయపడిన మాట నా నోటితోనే, నడి వరండాలో, వియ్యాలవారి ముందు బయటపడింది. కానీ ఆ క్షణంలో నాకు ఆ భయం గుర్తుకు రాలేదు. తలుపు అవతల ఏం జరుగుతోందన్నదే భయం.

కాసేపటికి మత్తు డాక్టర్ బయటికి వచ్చాడు. నడివయసు మనిషి. టోపీ తీసి చేతిలో నలుపుతున్నాడు.

"మత్తు ఆపేసినం. లేస్తదని చూస్తున్నం, లేస్తలేదు. గుండె మాత్రం మస్తు స్పీడ్ కొట్టుకుంటున్నది, ఎందుకో సమజ్ కాలే. గీ అమ్మాయి వచ్చి చెప్పినంక మళ్ళ మత్తు పెట్టినం, మిషన్ మీదనే ఉంచినం. ఎంతసేపు పడ్తది మేడం?"

"గంటలు పట్టొచ్చు. ఎన్నో నేను చెప్పలేను. ఏమీ చేయకండి, మిషన్ ఆపకండి, మత్తు ఆపకండి. దానంతటదే కదలాలి."

"మీరు డాక్టరా?"

"మందుల డాక్టర్‌ను కాదు" అన్నాను. ఆయన తల ఊపి లోపలికి వెళ్ళాడు.

గుండె ఎందుకంత వేగంగా కొట్టుకుందో నాకు అప్పుడే అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు.

తర్వాత ఎదురుచూడడమే. మా సైన్సులో ఎదురుచూడడం మాకు అలవాటే, జెల్ మీద డీఎన్ఏ గీతలు తేలేదాకా, బ్యాక్టీరియా పెరిగేదాకా. ఇది అలాంటిది కాదు. మిషన్ చప్పుడు వినబడుతుందేమో అని తలుపుకు చెవి పెట్టి నిలబడ్డాను. అత్తగారు సేఠ్ ముందుకు వెళ్ళి నిలబడింది. "పెద్దమనిషివి, ఒక్క మాట జెప్తే ఏం పోయేది నీది? మేము ఒద్దంటుంటిమా?" అని అడిగింది. అనేవారో కాదో నాకు తెలియదు. బహుశా ఆమెకూ తెలియదు. సేఠ్ నా వైపు తిరిగి, "కాపాడుకుందామనే దాచిన బిడ్డా" అన్నాడు. ఆయన్ను చూస్తే కోపం వచ్చింది, జాలీ వచ్చింది. ఏదీ ఆయన దగ్గర బయటపెట్టలేదు.

ఆడబిడ్డ బయటికి వచ్చి నా కాళ్ళ దగ్గర నేలమీద కూర్చుంది.

"ఏం కాదని నేనే జెప్పిన మేడం. నా మాట ఇనే ఆ సూదేసిండు. నేను నోరు మూసుకున్నా మంచిగుండు. ఏమో తెల్వదంటే ఆయన వేరే మందు వాడుతుండె." మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. తర్వాత, "సెమినార్‌కు అసలు పేపర్ ఒక్కసారి తెర్సినా కనవడుతుండె గద" అంది.

నేను ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాను. ఆమెను ఏమనగలను? ఆమె పుస్తకం ఆ సమీక్షను నమ్మింది, ఆమె పుస్తకాన్ని నమ్మింది, డాక్టర్ ఆమెను నమ్మాడు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. పిల్లలూ, మీరు ఎవరి పేపర్‌నైనా పేర్కొనే ముందు దాన్ని తెరవండి. ఇంతకంటే పెద్ద నీతి నా దగ్గర లేదు.

పొద్దు వాలేవేళకు నర్సు తలుపు తీసి, వేళ్ళు కదుపుతోందని చెప్పింది. ఇంకాసేపటికి సొంతంగా ఊపిరి తీసుకుంది. ఎదురెదురు వరసల వాళ్ళు ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. నేను బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను.

పది మంది పది రకాలుగా మాట్లాడారు ఆ తర్వాత. కొన్నాళ్ళు రెండు ఇళ్ళ మధ్యా మాటలు లేవు. అత్తగారు కోడలిని మాత్రం వదులుకోలేదు, తనే దగ్గరుండి చూసుకుంది. గాయం మానాక పిల్ల నన్ను రమ్మని కబురు పెట్టింది. సైదాబాద్ వెళ్ళాను. మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది, బాగా చిక్కిపోయింది. టీ తెచ్చిన ఆడబిడ్డను ఉండమనలేదు, వెళ్ళమనలేదు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

"నాకు అన్ని ఇనవడ్డయ్ ఆంటీ" అంది పిల్ల.

నాకు తెలుసని చెప్పలేకపోయాను.

"మెలకువ అయింది. కండ్లు తెరుద్దామంటే వస్తలేవు. గొంతుల ఏదో ఉన్నది. కడుపుల మంట. సచ్చిపోయిన అనుకున్న. మళ్ళ మాటలు ఇనవడ్తున్నయ్, ఎవ్వరో క్రికెట్ గురించి మాట్లాడుతున్నరు. నేనున్న, నేనున్న అని మొత్తుకుంటున్న. లోపల్నే. వదినె అని మా ఆడబిడ్డ ఒర్రుకుంట వచ్చింది. దాని తర్వాత యాదిలేదు."

గుమ్మం దగ్గర ఆడబిడ్డ మొహం పక్కకు తిప్పుకుంది.

"మా తాతకు ఎరుక. మీకు ఎరుక. ఈ మా ఆడబిడ్డకు సగం ఎరుక. నాకొక్కదానికే ఎరుకలేదు" అంది పిల్ల. కోపంగా అనలేదు. "ఆ బొమ్మ చూపిస్తరా?"

ఫోన్‌లో తెరిచి చేతిలో పెట్టాను. ఆ వరసలనూ చదరాలనూ సున్నాలనూ చాలాసేపు చూసింది. తను ఏది అని అడిగింది. వేలు పెట్టి చూపించాను. రెండు వేళ్ళతో ఆ తెల్ల సున్నాను పెద్దది చేసుకుని చూసింది.

"గిది ఎంతమంది దగ్గరున్నది ఆంటీ?"

"చాలామంది దగ్గర. పుస్తకాల్లో, క్లాసుల్లో. దేశదేశాల్లో."

"గంతమంది చూసిండ్రు గదా. వాళ్ళల్ల ఎవ్వలన్న ఒక్కలు, గీ పిల్ల ఎట్లున్నదని మీకు రాసి అడిగిండ్రా?"

"లేదమ్మా" అన్నాను. "ఎవరూ అడగలేదు."